రాసినవారి గడిలో ఒకే పేరు

జూలై 7, సోమవారం

ముసురు. తెల్లవారినప్పటి నుంచి ఆగలేదు. సిరిసిల్ల గోదాం వెనక గోడకు చెమ్మ దిగుతోంది. ఆ వైపు పేర్చిన బట్ట తానులన్నీ ఈవలి గోడకు మార్చాను. నడుము పట్టేసింది.

మార్చిన ప్రతి తానుకూ కంప్యూటర్లో చోటు మార్చాలి. అదీ అయింది. ఆఫీసు వాళ్లు మాట్లాడుకోవడానికి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ లోపలే పట్టికలు కట్టుకునే సదుపాయం ఉందని పోయినేడు కనిపెట్టాను. అప్పటి నుంచి ఇదే పని. కోడు రాయనక్కర లేదు. గడులు పేర్చుకోవడం, బొత్తాలు లాగి పెట్టుకోవడం. హిందీ వీడియో చూడటం, ఆపటం, మళ్లీ చూడటం... అలా వచ్చింది. ఒక తానుకు ఒక వరుస. ఏ కార్ఖానాలో నేశారు, ఏ రంగు, మరక ఉందా, ఇప్పుడు ఎక్కడుంది. సిరిసిల్లలో నేసిన బట్ట కోరుట్లలో కుట్టుకు పోయి, బడి యూనిఫాం అయి, జగిత్యాల ఆఫీసుకు చేరేదాకా.

బాగుంది. చూసేవాళ్లు లేరు గానీ బాగుంది.

పొద్దెక్కాక ఓదెలు ఫోన్. తంగళ్ళపల్లిలో సాంచాలు నడిపే ఆసామి. వెనక మరమగ్గాల మోత. "రాజన్నా, నీలంరంగు ఆరు తాన్లు దిగినయ్, రాస్కో." రాసుకున్నాను.

మధ్యాహ్నం కోరుట్ల కుట్టు కేంద్రం నుంచి సుజాత. అక్కడి మిషన్లన్నీ ఆమె చూసుకుంటుంది. "అన్నా, ఒక తానుకు నూనె మరకున్నది. ఎంట్రీ మీరే కొట్టుర్రి." కొట్టాను. ఆ తర్వాత చాలాసేపు చెప్పింది. పక్కపక్క మిషన్ల మీద కూర్చునే రాజవ్వ, లత మాట్లాడుకోవడం మానేసిన సంగతి. పొద్దున వండిన పుంటికూర పప్పు. చర్చి రేకుల మీద వాన పడితే పాట వినబడని సంగతి.

నేను "ఆ" అన్నాను. "ఆ" అన్నాను.

జూలై 9, బుధవారం

జగిత్యాల నుంచి మేనేజర్ సారు ఆన్‌లైన్ మీటింగ్. పట్టిక తెర మీద పెట్టమన్నాడు. మొదటిసారి.

అన్నీ చూశాడు. చివరి గడి దగ్గర ఆగాడు. రాసినవారు. ఆ గడి నేను పెట్టింది కాదు. ఎవరు ఎంట్రీ కొడితే వాళ్ల పేరు దానంతటదే పడుతుంది. మార్చడం నా చేతిలో లేదు. సారు పైనుంచి కిందికి లాగాడు. నా పేరు. నా పేరు. ఇంకా కిందికి. నా పేరు.

"ఏందయ్యా రాజేశం, మూడు ఊర్లల్ల నువ్వే ఉన్నవా?"

ఎవరో నవ్వారు. మైకు ఆపుకోలేదు.

"గిది టీమ్ గాదు, నీ సొంత ఇల్లు. నెలాఖరు దాక సూస్త. అందరి పేర్లు గిండ్ల కనవడాలె. లేకుంటె టీమ్ తీసేస్త, ఎప్పటి లెక్క ఫోన్ గ్రూపుల్నే నడిపిద్దం."

సరే సార్ అన్నాను.

టీమ్ అంటే సాఫ్ట్‌వేర్లో మా మూడు ఊళ్ల వాళ్లం కలిసి ఉండే గుంపు. అది తీసేస్తే పట్టిక కూడా పోతుంది. అది టీమ్ కడుపులోనే ఉంటుంది. విడిగా బతకదు.

జూలై 10, గురువారం

వాన. ఇకనుంచి మీరే కొట్టుకోండి అని ఇద్దరికీ చెప్పాలనుకున్నాను. ఓదెలు ఫోన్ చేశాడు. సుజాత చేసింది. చెప్పలేదు. నేనే కొట్టాను.

జూలై 12, శనివారం

ఓదెలు కార్ఖానాకు పోయాను. సాంచాల మోతలో మాట వినబడదు. చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అరవడం నాకు చేతకాదు.

అతని ఫోన్లో తెర తెరిచి చూపించాను. తాను నంబరు, మీటర్లు, తేదీ.

"నాకు మీటర్లతోని ఏం పనే? మడత పెట్టేటోడు కొలుస్తడు. నాకు భీము దిగిందా, దిగలేదా... గంతే."

నిజమే. నూలు చుట్టిన భీము సాంచాకు ఎక్కుతుంది, నేయడం అయిపోతే దిగుతుంది. వాళ్ల రోజంతా ఆ ఎక్కడం, దిగడమే. అక్కడ ఎవరూ తానులు లెక్కపెట్టుకోరు. నాకు ఫోన్లో ఆరు తాన్లు అని చెప్పడానికి ముందు ఓదెలు మడత పెట్టేవాడి దగ్గరికి పోయి అడిగి వస్తున్నాడు. రోజూ. నేను తెరను గోదాంలో కూర్చున్నవాడి లెక్కన చేశాను.

అతని వేలికి గ్రీజు. తెర మీద పెడితే పనిచేయలేదు. "సూస్నవా, నీ యాప్ గుడ నన్ను గుర్తువడ్తలేదు."

చాయ్ తాగించాడు. "ఒక్కనివే ఉంటవు, గివన్ని ముంగటేసుకుంటవు. ఎవడన్న అడిగిండా నిన్ను?"

ఎవరూ అడగలేదు.

జూలై 13, ఆదివారం

రోజంతా గదిలోనే. ఓదెలు తెరలోంచి మీటర్ల గడి తీసేశాను. తాను నంబరు తీసేశాను. పెద్ద బొత్తాం ఒక్కటి — భీము దిగింది. దాని కింద రంగుల చదరాలు. గ్రీజు వేలికైనా అందేంత పెద్దవి. మిగతావి బట్ట గోదాంకు వచ్చాక నేను నింపుకుంటాను.

అన్నం మాడింది. పైది తిన్నాను.

జూలై 16, బుధవారం

పొద్దున్నే బస్సు. వేములవాడ దాటాక తెరిపి ఇచ్చింది. కోరుట్ల.

రెండేళ్లుగా దాదాపు రోజూ వింటున్న గొంతు. మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఆఫీసు సాఫ్ట్‌వేర్లో ఆమె ఫొటో పెట్టుకోలేదు. గుండ్రంలో రెండు అక్షరాలు, అంతే.

గడప దగ్గరే ఒకామె మిషన్ ఆపింది. "గీయననా ఫోన్ల అన్న? లావుగుంటడనుకున్న."

"ఎట్ల అనుకున్నవే? ఆయన మాట్లాడితె గద. ఆ, ఆ అంటడంతే అని సుజాతక్క చెప్పలె?"

అందరూ నవ్వారు. సుజాత కూడా. "సాలు తియ్యిర్రి, సూదులు ఇరుగుతయ్. కూసోర్రి అన్నా." నేను అనుకున్నదానికంటే పొట్టి మనిషి. కళ్లద్దాల కాడకు దారం చుట్టి ఉంది. రాజవ్వ ఎవరో, లత ఎవరో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఒకరి మిషన్ గోడవైపు తిరిగి ఉంది.

సుజాత ఫోన్లో తెర తెరిచి ఎంట్రీ కొట్టడం రెండుసార్లు చూపించాను. మూడోసారి నా చేయి పక్కకు జరిపి తనే కొట్టింది. గబగబా.

"నీకు వచ్చు గదా సుజాతమ్మా."

"రాక గాదన్నా. మీతోని చెప్తే..."

దారం చిక్కుపడిందని లోపలి నుంచి ఎవరో పిలిచారు. వెళ్లింది.

తిరుగు బస్సులో ఫోన్ తెరిచాను. కొత్త వరుస ఒకటి. రాసినవారు — సుజాత. కథలాపూర్ దాకా ఆ ఒక్క గడినే చూస్తూ కూర్చున్నాను.

జూలై 18, శుక్రవారం

ఓదెలు పేరు పడింది. ఒకే భీమును నాలుగుసార్లు దింపాడు. మిగతావి తుడిచేశాను. ఫోన్ చేసి చెప్పొచ్చు. చేయలేదు. ఎప్పుడూ వాళ్లే చేస్తారు.

జూలై 21, సోమవారం

ఎండ. గోదాం తలుపులు రెండూ తెరిచి పెట్టాను.

అన్ని చోట్ల నుంచీ పేర్లు పడుతున్నాయి. నేను చేయి పెట్టకుండానే వరుసలు పెరుగుతున్నాయి. చూడటానికి వింతగా ఉంది... పొలం దానంతటదే నాటుకుంటున్నట్టు. సారు గ్రూపులో బొటనవేలి బొమ్మ పెట్టాడు. దాని కింద ఇంకో నలుగురు పెట్టారు.

పదో తరగతి దాటలేదు నేను. గొల్లపల్లిలో నాన్న తాళ్లెక్కేవాడు. కల్లు తాగడానికి వచ్చేవాళ్లతో ఇంటి ముందు ఎప్పుడూ మాటలే. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది అదేమో. నేర్చుకోలేదు.

ఈ రోజు ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పలేదు.

జూలై 24, గురువారం

పొద్దున్నుంచి ఫోన్ మోగలేదు. చార్జింగ్ ఉంది. సిగ్నల్ ఉంది. గోదాం ఫోన్ నుంచి నాకు నేనే చేసి చూశాను. మోగింది.

జూలై 26, శనివారం

కోరుట్ల వరుసలు కూర్చుని చదివాను. తెలుపు, మరక లేదు. నీలం, మరక లేదు. నీలం, చిన్న మరక. తప్పు ఒక్కటీ లేదు. నేను కొట్టినప్పటికంటే శుభ్రంగా ఉంది.

రాజవ్వ, లత కలిశారో లేదో తెలియదు. దానికి గడి లేదు.

ఒకటి కలిపాను. రిమార్కులు. ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు అని గ్రూపులో కూడా పెట్టాను.

జూలై 28, సోమవారం

ఓదెలు ఖాళీగా వదిలేశాడు. సుజాత ప్రతి వరుసలోనూ నింపింది. అన్నింట్లో ఒకటే మాట — లేవు.

జూలై 29, మంగళవారం

మబ్బు. గాలి లేదు.

పొద్దున్నే టీమ్ సభ్యుల పేర్లు తెరిచాను. పేర్లు చేర్చడం, తీయడం సారు నాకే అప్పగించాడు. సుజాత పేరు తీసేశాను. ఒక్క పూటకు. తెర రాకపోతే ఫోన్ చేస్తుంది, మీరే కొట్టుర్రి అంటుంది, ఆ తర్వాత ఏవో చెబుతుంది. అంతే అనుకున్నాను. చాయ్ కోసం కూడా బయటికి పోకుండా కూర్చున్నాను.

మోగింది.

"అన్నా... నా పేరు తీసేసిర్రా? సారు చెప్పిండా? నేనేమన్న తప్పు కొట్టిన్నా?"

గొంతు వేరుగా ఉంది. వెనక మిషన్ల చప్పుడు లేదు. అందరూ ఆపి వింటున్నట్టున్నారు.

"మొన్న ఎండకాలంల గిట్లనే ఒకామె పేరు ఫోన్ గ్రూపులకెల్లి తీసేసిర్రు. ఎవ్వలు ఏం చెప్పలె. తెల్లారి అస్తే పని లేదన్నరు. మా ఇంట్ల నాదొక్కదానిదే పని అన్నా."

ఆ సంగతి నాకు తెలియదు. అక్కడ పని పోయిందని మాటతో చెప్పరట. పేరు తీసేస్తారు, మనిషే అర్థం చేసుకోవాలి. నేను ఆ పేరే తీశాను.

"లేదమ్మా. సాఫ్ట్‌వేర్లో ఏదో... ఇప్పుడే సరిచేస్తా."

మళ్లీ చేర్చాను. వచ్చిందా అన్నాను. "అచ్చింది" అంది. పెట్టేసింది.

ఇంకేమీ చెప్పలేదు.

జూలై 31, గురువారం

మీటింగ్. సారు చివరి గడి పైనుంచి కిందికి లాగాడు. మూడు ఊళ్ల పేర్లు. "గిప్పుడు టీమ్ లెక్కున్నది. ఉండనియ్యి."

పట్టిక నిలబడింది. ఇన్ని నెలల పని.

సుజాత కూడా ఉంది, మైకు ఆపుకుని. అందరికంటే బాగా కొడుతున్నది కోరుట్లే అని సారు మెచ్చుకున్నాడు. కింద టైపు చేసింది — థాంక్స్ సార్.

సాయంత్రం ఒక్కణ్ణే హోటల్లో పూరీ తిన్నాను. పండగ లాగా.

ఆగస్టు 1, శుక్రవారం

కోరుట్ల వరుసలు. ఒక్కో తానును రెండుసార్లు, మూడుసార్లు తెరిచి సరిచూసుకుంటోంది. ఎవరు ఎప్పుడు తెరిచి దిద్దారో పట్టిక చూపిస్తుంది. ఇది ఇదివరకు ఆమెకు లేని అలవాటు.

రిమార్కుల్లో ఇప్పుడు లేవు అని లేదు. ప్రతి వరుసలోనూ — "మంచిగ చూసినాను సార్."

సార్.

ఎవరికి రాస్తోందో. ఆ గడి చదివేది నేనొక్కణ్ణే. నన్ను ఎప్పుడూ అన్నా అనే అంటుంది. అనేది.

ఆగస్టు 2, శనివారం

ఓదెలు బట్ట తెచ్చాడు. దింపుతూ మొహం చూశాడు. "ఏమైందే, పాణం బాగ లేదా?" ఏం లేదన్నాను. "నీతోని ఇదే తంటా. అడిగితె లేదంటవు, అడగకుంటె నన్నెవలు అడగరంటవు."

నేను అలా ఎప్పుడన్నాను? అనలేదు. అనకుండానే వినబడుతుందేమో.

ఆగస్టు 3, ఆదివారం

ఎండ బాగా వచ్చింది. చర్చిలో ప్రార్థన మధ్యాహ్నం దాకా ఉంటుందని సుజాతే ఒకసారి చెప్పింది.

చెప్పాల్సింది ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. సుజాతమ్మా, ఆ రోజు నీ పేరు తీసింది నేనే. సారు కాదు. సాఫ్ట్‌వేర్ కాదు. నీ పని ఎక్కడికీ పోదు.

ఇక్కడిదాకా వస్తోంది. ఎందుకు తీసిర్రన్నా అంటుంది. అక్కడ ఆగిపోతున్నాను. నీ ఫోన్ వస్తుందని — అంటే నవ్వుతుందా. కోప్పడుతుందా. రేపు మిషన్ల దగ్గర అందరికీ చెబుతుందా. చెప్పనీ. ఇంకా భయపడుతూ కొట్టడం కంటే అది మేలు.

సారుకు తెలిస్తే పేర్ల పని నా చేతిలోంచి తీసేస్తాడు. తీయనీ... అని రాశాను గానీ, చేయి ఆగింది.

ఫోన్లో ఆమె పేరు తెరిచి చూశాను. రెండేళ్లవి. అన్నీ వచ్చిన కాల్సే. నేను చేసింది ఒక్కటీ లేదు.

ఈపాటికి ప్రార్థన అయి ఇంటికి చేరి ఉంటుంది. తింటూ ఉంటుందేమో. ఇంకాసేపు ఆగుదాం.

నొక్కాను.

మోగుతోంది. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో పెన్ను. పొద్దున నానబెట్టిన బట్టలు ఇంకా — ఎత్తింది.