ఉన్న దారిని ఉన్నట్టు రాయమని

నదీతీరాల విభాగం అధికారి గారి సముఖమునకు, ఏటిగట్టు బాటను చూసుకునే స్వచ్ఛంద బృందం తరఫున, ఆ బృందం దినచర్య పుస్తకం రాసే మనిషి సమర్పించుకునే విన్నపం.

అయ్యా,

విషయం: పాత వంతెన నుంచి పంపుల గది వరకు ఏటిగట్టు వెంట ఉన్న రెండు కిలోమీటర్ల కాలిబాట "లేదు" అని తమ కార్యాలయం రాసుకున్న నివేదికను సరిచేసి, సోమవారం నుంచి దాని మీద పూడికమట్టి పోయడాన్ని ఆపించుట గురించి.

1. మేము పదకొండు మందిమి. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ బాట పని చేస్తున్నాము. ముళ్ళపొదలు కొడతాము, వాననీరు పారే చోట రాళ్ళు పేరుస్తాము, ఏటి వైపు అంచున దుంగలు పరుస్తాము. నేను తూకపు కాటాలు బాగుచేసేవాణ్ని. ఎక్కువ మాట్లాడను కాబట్టి రాస్తానని పుస్తకం నాకు అప్పగించారు. ఏ రోజు ఎవరొచ్చారు, ఎంత మేర పని జరిగింది, ఏ పార విరిగింది, అన్నీ అందులో ఉన్నాయి.

2. తప్పు మాది కూడా ఉంది. రోడ్డు మలుపు దగ్గర జనం బాటలోకి అడ్డంగా దిగి దిగి గట్టు కోసుకుపోయింది. ఆ అడ్డదారిని మూశాము. అడ్డంగా బోర్డు పెడితే జనం దాని పక్క నుంచి పోతారు. అందుకని ఎండుకొమ్మలు పాతి, మొక్కలు నాటి, ఆకులు చల్లి, అక్కడ ఎన్నడూ దారే లేనట్టు చేయడం మా పద్ధతి. మా బృందంలో ఉన్న రిటైరైన నర్సు గారు ఇందులో నిపుణురాలు. "గాయం మానాక మచ్చ కూడా కనబడకూడదు" అంటారు.

3. పని మరీ బాగా కుదిరింది. గత నెల పన్నెండున తమ ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చారు. ఆయన ఏటా జీపు మలుపు దగ్గర ఆపి, ఆ అడ్డదారినే దిగి, అక్కడి నుంచే చూసి వెళ్ళేవారట. మాకు తెలియదు. ఆ రోజు పొదల ముందు నలభై నిమిషాలు నిలబడి, "క్షేత్రమునందు కాలిబాట ఏదియు కానరాలేదు" అని రాసి వెళ్ళిపోయారు. ఆరేళ్ళలో మా పనికి అధికారికంగా దక్కిన మెచ్చుకోలు ఇదొక్కటే.

4. నివేదిక సంగతి తెలిశాక ఆయన్ను బతిమాలి వంతెన వైపు నుంచి తీసుకెళ్ళాను. కిలోమీటరు నడిచారు. "ఇదేంటయ్యా ఇంత శుభ్రంగా ఉంది? మా స్థలాలు ఇలా ఉండవే!" అన్నారు. నివేదిక మార్చమన్నాను. "మారిస్తే, మొదటిసారి కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని మా సారు అడుగుతాడు" అన్నారు. తమరు అడగరని చెప్పి ధైర్యం ఇద్దామనుకున్నాను. చెప్పలేకపోయాను.

5. బాట లేదు గనుక స్థలం ఖాళీ, ఖాళీ గనుక ఏట్లో తవ్విన మట్టి అక్కడ పోయవచ్చు అని ఉత్తర్వు వచ్చింది. నాలుగుసార్లు తమ కార్యాలయానికి వచ్చాను. గుమాస్తా గారితో జరిగిన మాటలు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు ఇవి:

"బాట ఉందండీ. పొద్దున కూడా నడిచొచ్చాను."

"మీరు నడిస్తే ఉన్నట్టా? ఫైల్లో లేదుగా."

"ఒక్కసారి వచ్చి చూడండి."

"లేని బాట చూడ్డానికి జీపెవరిస్తారండీ? కావాలంటే కొత్త బాటకు దరఖాస్తు పెట్టుకోండి."

పెట్టాను. కొత్త బాట వేస్తే "ప్రస్తుతమున్న కాలిబాటకు నష్టము వాటిల్లును" కావున తిరస్కరించడమైనదని జవాబు వచ్చింది. ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. "అది వేరే సెక్షను వాళ్ళు రాసిందండీ" అన్నారు. జవాబు నకలు జతపరిచాను.

6. ఇది రాయకూడదనే అనుకున్నాను. బట్టలు కుట్టే మా అక్కకు నాలుగేళ్ళ కింద చూపు పోయింది. వీధిలో కాలవలకు మూతలుండవు, స్కూటర్లు ఎటు నుంచి వస్తాయో తెలియదు. ఎవరిదో ఒకరి మోచెయ్యి పట్టుకోవాలి. అది ఆమెకు గిట్టదు. ఆ బాట మీద మాత్రం దుంగల అంచును కర్రతో తాకుతూ ఒక్కతే పోతుంది, ఒక్కతే వస్తుంది. నేను వంతెన దగ్గర నిలబడతాను. తిరిగి వచ్చేటప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో పుస్తకంలో రాయలేదు. అలాంటివి రాయడం నాకు చేతకాదు. మట్టి పోస్తే ఆమె ఇక ఇంట్లోనే. అంతే.

కావున తమరు దయతలచి "కానరాలేదు" అన్న చోట "ఉన్నది" అని రాయించి, లారీలను ఆపించ ప్రార్థన. ఇన్‌స్పెక్టరు గారిని ఏమీ అనవద్దని కూడా మనవి. చిత్తగించడంతో సరిపెట్టక, ఒకసారి పాదం కూడా మోపవలెనని వేడుకుంటూ,

తమ విధేయుడు,
దినచర్య పుస్తకం రాసేవాడు

మరొక మనవి: ఈ కాగితం అక్కకు చదివి వినిపించాను. "ఎన్ని తమరులు పెట్టావురా! బతిమాలితే కదిలేవాళ్ళయితే నువ్వెళ్ళిన మొదటిసారే కదిలేవాళ్ళు. సోమవారం పొద్దున ఆరింటికి నేను నడుస్తా. లారీలు వస్తే రానీ, వాళ్ళే ఆగుతారు" అంది. ఆమెను ఆపడం నా వల్ల కాదు. చిన్నప్పటి నుంచీ కాలేదు. అందుకని మీరే ఆరింటికి వంతెన దగ్గరికి వచ్చేయండి సార్. రెండడుగులు వెనగ్గా ఆమె వెంట నడవండి, బాట ఎక్కడుందో మీకే తెలుస్తుంది. మధ్యలో మాత్రం పలకరించకండి. అడుగులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.