గాలి మిషనుతో నిద్ర

4 మార్చి 1987

నలభై మూడు. ఇత్తడి చెంబులో చింతపిక్కలు. ఒక్క గంటలో.

పార్వతికి అంకెలు వేయడం రాదు. నా ఊపిరి ఆగినప్పుడల్లా ఒక పిక్క చెంబులో వేయమని డాక్టరు చెప్పాడట. రాత్రి గోడ గడియారం చూసుకుంటూ రెండు నుంచి మూడు వరకు కూర్చుంది. పొద్దున్న నేను లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. నలభై మూడే.

నాకు ఒక్కటీ తెలియదు. పడుకున్నాను, లేచాను. తల దిమ్ముగా ఉంది. రోజూ ఉండేదే.

డాక్టరు దగ్గరికి నేను వెళ్ళలేదు. ఆమే వెళ్ళింది. వాళ్ళ అన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ వార్డుకి వచ్చిన డాక్టరు. అన్న సంగతి అడిగి, వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి తిరిగి, నా గురక సంగతి చెప్పిందట. నాకు నిన్ననే చెప్పింది.

5 మార్చి

డాక్టరు చిన్నవాడు. పైదేశంలో చదువుకుని వచ్చాడు. చెంబు లెక్క చెప్తే నవ్వలేదు.

పడుకోగానే నా గొంతు లోపల మూసుకుపోతుందట. ఊపిరాడక మెదడు లేపుతుంది. మళ్ళీ పడుకోగానే మళ్ళీ మూత. "మీరు రాత్రంతా నిద్రపోవడం లేదు. మునిగి తేలుతున్నారు."

ఏం పని చేస్తారని అడిగాడు. జెట్టీ మీద క్రేను డ్రైవర్ని అన్నాను. రాస్తున్న కలం ఆపాడు. పనిలో ఎప్పుడైనా కునుకు పట్టిందా? లేదన్నాను. ఎప్పుడూ? ఎప్పుడూ లేదు.

దీనికి మందు లేదు. ముక్కుకు తొడుగు పెట్టి రాత్రంతా గాలి ఊదే మిషను ఉంది, అక్కడ ఈమధ్యనే వచ్చింది, ఇక్కడ దొరకదు అన్నాడు. బొమ్మ గీయమన్నాను. ఎందుకన్నాడు. మోటారు, పైపు, తొడుగు... ఇంతేగా అన్నాను. చీటీ వెనక గీసిచ్చాడు.

7 మార్చి

దువ్వాడ వెళ్ళి పార్వతి అన్నని, సింహాచలం బావని, చూసి వచ్చాను. పార్వతి వండిన కూర పట్టుకెళ్ళాను. తను రానంది.

మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద లేదు. దుప్పటి అక్కడ చదునుగా ఉంది. అటు చూడకుండా మాట్లాడటం నాకింకా చేతకావడం లేదు.

జనవరిలో జరిగింది. క్రేను మీద నేను. కింద సిగ్నల్ ఇచ్చేది తను. ఇనప దిమ్మల కట్ట దిగకూడనప్పుడు దిగింది. దింపమని అతనే చెయ్యి ఊపాడని రాసిచ్చాను. అబద్ధం రాయలేదు. చెయ్యి కిందికి ఊపడం చూశాను. మణికట్టు మీద రాగి కడియం ఎండకి మెరవడం కూడా చూశాను.

తను మాత్రం ఆపమని చెయ్యి ఎత్తే ఉంచానంటాడు. కోపంగా కూడా అనడు.

"నీకెలగ కనపడిందో నాకు తెల్దు బావా. నాను దింపమన్లేదు."

తప్పు సిగ్నల్ ఇచ్చాడని తేలితే ఉద్యోగం ఉండదు, కంపెనీ ఏమీ ఇవ్వదు. ఎంక్వయిరీ ఏప్రిల్ రెండున. అందాకా నన్నూ క్రేను ఎక్కనివ్వరు. గోడౌన్లో బస్తాలు లెక్కరాసే పని.

9 మార్చి

మధ్యాహ్నం షెడ్డులో కునుకు తీశాను. లేచేసరికి నా చుట్టూ ఆరుగురు. ఎన్నాళ్ళుగానో నడుస్తున్న పందెమట. నా ఊపిరి ఎంతసేపు ఆగుతుందో పైకి లెక్కపెడతారు, ఓడినవాడు టీ పోయించాలి. "ముప్పై దాటిపోనాడ్రా, నా టీ నాకిచ్చీ" అంటూ ఒకడు ఎగురుతున్నాడు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక చెప్పాను. పార్వతి నవ్వలేదు. అందరికీ తెలుసునా అంది.

11 మార్చి

వన్ టౌన్. ఖాదర్ భాయ్ కొట్టు. విప్పేసిన ఓడల సామానంతా అక్కడే చేరుతుంది. దుమ్ము పీల్చే మిషను ఒకటి దొరికింది. పీల్చే వైపు కాదు, వదిలే వైపు నాకు కావాలి. పొగలోకి వెళ్ళేవాళ్ళు పెట్టుకునే రబ్బరు తొడుగు కూడా దొరికింది, అంచు పిగిలిపోయింది.

ఎందుకని అడిగాడు. పడుకోవడానికన్నాను.

"పడుకోడానికి మోటారేటి భాయ్? ఇంటికి ఫ్యాను సూసేను, ముక్కుకి ఫ్యాను సూళ్ళేదు."

చెప్పాను మొత్తం. వాళ్ళ నాన్న నిద్రలోనే పోయాడట, ఇలాగే గురక పెట్టేవాడట. తొడుగుకి వేరే ఏమీ తీసుకోలేదు.

12 మార్చి

చదివింది నాలుగో తరగతి. తక్కినదంతా విప్పి చూసి నేర్చుకున్నదే. మోటారు విప్పాను. లోపల కరెంటు అందించే బొగ్గు ముక్కలు అరిగాయి, మార్చాను.

13 మార్చి

తొడుగు అంచుకి సైకిలు ట్యూబు కోసి అంటించాను. ముందువైపు నాలుగు బెజ్జాలు. వదిలిన గాలి బయటికి పోవాలి, బెజ్జాలు మరిచిపోతే ప్రాణం మీదకొస్తుందని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. స్పీడు తగ్గించడానికి ఫ్యాను రెగ్యులేటరు.

15 మార్చి

గాలి జోరు కొలిచేదెలా? డాక్టరే చెప్పాడు. పైపుకి ఒక పాయ తీసి నీళ్ళ జాడీలో పది సెంటీమీటర్ల లోతున ఉంచాలి. బుడగలు ఆగకుండా వస్తుంటే జోరు సరిపోయినట్టు. పచ్చళ్ళ గాజుజాడీ ఖాళీ చేసి ఇచ్చింది పార్వతి. దాని మీద స్కేలు పెట్టి గీత గీశాను.

ఇంకో మాట కూడా చెప్పాడు. కరెంటు పోతే తొడుగు వెంటనే తీసెయ్యాలి. పక్కన ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

పార్వతి తలూపింది.

16 మార్చి

కుదరలేదు. గాలి లోపలికి తోసుకొస్తుంది, వదలబోతే ఎదురు తోస్తుంది. నీళ్ళలో తల అదిమి పట్టినట్టు. ఐదు నిమిషాలకే లాగి పారేశాను. చిన్నమ్మాయి జడిసి ఏడ్చింది. ఏనుగు తొండంలా ఉందట.

17 మార్చి

పది నిమిషాలు.

18 మార్చి

పక్కింటాయన గేటు దగ్గర ఆపాడు. "పిండిమర పెట్టినావేటి?" గురకకి అలవాటు పడ్డారట, దీనికి పడలేరట. మోటారు కిటికీ అవతల చెక్కపెట్టెలో పెట్టి చుట్టూ గోనెలు కుక్కాను.

19 మార్చి

రెండు గంటలు. ముక్కు ఎండిపోయి రక్తం వచ్చింది. పీల్చే వైపు తడిగుడ్డ కట్టాను. చెంపల మీద పట్టీల వాతలు. గోడౌన్లో చూసి ఎవరు కొట్టారని అడిగారు.

21 మార్చి

పడుకున్నాను.

ఏం రాయాలో తెలియడం లేదు. తొమ్మిదింటికి పార్వతి తొడుగు పెట్టింది. కళ్ళు తెరిస్తే తెల్లారింది. మధ్యలో ఏమీ లేదు. తల మీద బరువు లేదు. గోడ మీద సున్నం పెచ్చులు విడివిడిగా కనిపిస్తున్నాయి. హార్బరు కాలవలో ఓడ కూత వేస్తే ఒక్క ఉలుకు లేదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను, ఒకే లైను మూడుసార్లు చదవాల్సిన పని పడలేదు.

చెంబులో పిక్కలు నాలుగు.

పార్వతి గుమ్మానికి ఆనుకుని నిద్రపోతోంది. చెయ్యి ఇంకా చెంబు మీదే ఉంది. ఆమె నిద్రపోవడం ఎన్నేళ్ళయిందో చూసి. నేనెప్పుడూ ముందు పడుకునేవాణ్ణి.

22 మార్చి

మళ్ళీ పడుకున్నాను. మూడు.

23 మార్చి

డాక్టరుకి చెప్తే లేచి చెయ్యి కలిపాడు. ఇన్నాళ్ళూ పగలు ఎలా గడిచేదో ఇప్పుడు చెప్పగలరా అన్నాడు. గుర్తుచేసుకోమన్నాడు.

మీలాంటివాళ్ళు కళ్ళు తెరిచి ఉండగానే నిద్రపోతారు, రెండు మూడు సెకన్లు, అంతలోనే కల కూడా వస్తుంది, చూసిందే నిజమనుకుంటారు అన్నాడు. మామూలుగానే చెప్పాడు. జనవరి సంగతి ఆయనకి తెలియదు.

బస్సు దిగాల్సిన చోట దిగలేదు. నిద్ర పట్టి కాదు.

25 మార్చి

మొద్దుతనం పోయినకొద్దీ వెనకటివి ఒక్కొక్కటే వస్తున్నాయి. టీ గ్లాసు చేతిలోంచి జారడం. హుక్కు ఎక్కడుందో వెతుక్కోవడం. కూతురు ఏదో అడిగితే లేని మనిషికి జవాబు చెప్పడం.

ఆ రోజు చెయ్యి కూడా వస్తోంది. స్పష్టంగా. కడియంతో సహా.

26 మార్చి

దువ్వాడ. ఆ రోజు నీ కడియం మెరిసింది బావా అని మాటల్లో అన్నాను. ఎందుకన్నానో తెలియదు. రూఢి చేసుకుందామనే అయి ఉంటుంది.

ఆలోచించాడు. తల అడ్డంగా ఊపాడు.

"కడియం లేదు బావా. ఆ రోజే కొత్త గ్లవ్వులిచ్చారు గాదా, మోసేతి దాకా. కడియం అడ్డొచ్చిందని తీసి టిఫిన్ డబ్బాలో ఏసేను. మీ సెల్లెలు డబ్బా తోమినప్పుడు దొరికింది."

లోపల్నించి వాళ్ళావిడ అవునంది. ఆసుపత్రి నుంచి ఇచ్చిన సంచీలో గ్లవ్వులు ఇంకా ఉన్నాయని తెచ్చి చూపించింది. పసుప్పచ్చ కాన్వాసు. మోచేతి దాకా.

టీ తాగి వెళ్ళమన్నారు. తాగాను.

27 మార్చి

నేను చూసిన చేతికి కడియం ఉంది. గ్లవ్వు లేదు.

28 మార్చి

మిషను బాగా పనిచేస్తోంది. రెండు పిక్కలు.

29 మార్చి

ఫోర్‌మన్ గోడౌన్‌కి వచ్చాడు. మొహం తేటపడిందన్నాడు. ఎంక్వయిరీలో మాట మారిస్తే ఏమవుతుందని అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు. అర్థమయింది అతనికి.

"రాసిచ్చింది రాసిచ్చినట్టే సెప్పీ. ఆడికి కాలు ఎలాగూ రాదు. నీకు క్రేను వత్తది."

నిద్రపోయానని నోటితో అంటే ఈ ఊళ్ళో ఏ క్రేనూ ఎక్కనివ్వరట. నాకు ఇంకో పని రాదు. ఆడపిల్లలిద్దరూ బళ్ళో ఉన్నారు. ఇవన్నీ అతనే చెప్పాడు. నేను అనుకున్న వరసలోనే చెప్పాడు.

31 మార్చి

పార్వతికి చెప్పాను. పెరట్లో చేపలు తోముతోంది. కడియం, గ్లవ్వులు, డాక్టరు చెప్పిన కల — అన్నీ చెప్పాను. చేపలు తోమడం ఆపలేదు.

"అయితే నువ్వు సూసిన సెయ్యి మా అన్నది కాదు."

కాదన్నాను.

"నాలుగేళ్ళ బట్టి ఊపిరాడనప్పుడల్లా తట్టి లేపింది నానే. క్రేను మీద తట్టడానికి ఎవలూ నేరు. ఆ కబురొచ్చిన రోజే నాకు తెలుసు."

మరి ఎందుకు అడగలేదన్నాను.

"నువ్వే సెప్తావని."

ఎల్లుండి ఏం చెప్తావంది. ఫోర్‌మన్ మాటలు చెప్పాను. పిల్లల సంగతి చెప్పాను. ఆలోచించుకోవాలన్నాను. సరే, ఆలోచించుకో అంది. చేపల నీళ్ళు పారబోసి లోపలికి వెళ్ళింది.

పడుకునేటప్పుడు ఎప్పటిలాగే తొడుగు పెట్టింది. పట్టీలు సరిచేసింది. బుడగలు చూసింది.

1 ఏప్రిల్

నోరు పిడచకట్టుకుని లేచాను. తల పగిలిపోతోంది. తొడుగు మంచం పక్కన నేల మీద, పైపు చుట్టచుట్టి ఉంది. జాడీలో నీళ్ళు కదలడం లేదు.

పార్వతి కుర్చీలో కూర్చుని ఉంది. రాత్రంతా అక్కడే ఉన్నట్టుంది.

కరెంటు పోయిందంది.

ఎప్పుడు పోయిందన్నాను. పోయింది అంది.

నూతి దగ్గర పక్కింటాయన కనిపిస్తే అడిగాను. పోలేదే అన్నాడు, రాత్రంతా ఫ్యాను కింద పడుకున్నాం అన్నాడు. మోటారు పెట్టె మూత తీసి చూశాను. వైర్లు బాగానే ఉన్నాయి. స్విచ్చి ఆపేసి ఉంది.

ఆమెని ఇంకేమీ అడగలేదు. ఆమె అన్నం పెట్టింది. గోడౌన్లో మధ్యాహ్నం నిలబడే కునికాను. బస్తాల లెక్క రెండుసార్లు తప్పింది.

ఈ పూట తొడుగు నేనే పెట్టుకుంటానన్నాను. పెట్టుకో అంది. అద్దం ముందు పెట్టుకుని, తీసి, ఇది రాస్తున్నాను. మంచం ఎక్కబుద్ధి కావడం లేదు.

2 ఏప్రిల్

కంపెనీ ఆఫీసు వరండా. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పదింటికి పిలుస్తామన్నారు. పదీ ఇరవై అయింది.

రాత్రి తొడుగు పెట్టుకోలేదు. పడుకోలేదు కూడా. పార్వతీ పడుకోలేదు. ఇద్దరం చెరో గదిలో ఉన్నాం. పొద్దున్న తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. గేటు దాకా వచ్చింది. ఆఫీసు మేడ మీద, అన్న ఎక్కలేడు, నువ్వు దగ్గరుండి ఎక్కించు అంది. అంతే అంది.

సింహాచలం బావ రిక్షా దిగాడు. కర్రలు ఒక చేత్తో నేను పట్టుకున్నాను. తను నా భుజం పట్టుకున్నాడు. మెట్టు మెట్టుకీ ఆగాడు. ఆగినప్పుడల్లా అతని ఊపిరి నా మెడకి తగిలింది. బరువు తగ్గాడు.

ఇప్పుడు పక్కనే కూర్చుని ఉన్నాడు. రాస్తుంటే తొంగిచూడలేదు. నా మొహం వైపే చూశాడు.

"మళ్ళీ నిద్ర నేదేటి బావా? మిషను పని సేత్తన్నాదా?"

చేస్తోందన్నాను.

"మంచిదే. నువ్వైనా పడుకో."

లోపల కుర్చీలు జరుపుతున్నారు. ప్యూను తలుపు తీశాడు. నా పేరే ముందు.