బూడిద గుంటలో మాత్రలు

డాక్టరమ్మ గారికి నమస్కారం.

వచ్చే సోమవారం మూత్రపిండానికి వెళ్లే రక్తనాళంలో నాకు స్టెంట్ వేస్తామన్నారు. దయచేసి ఆపండి.

స్కాన్ చూసిన రోజు మీరు, "నాళం సన్నబడినంత మాత్రాన బీపీకి అదే కారణమని చెప్పలేం. మాత్రలు వాడినా తగ్గకపోతేనే దాన్ని అనుమానించాలి. రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగారు. నేను తలూపాను. పక్కనున్న మా ఆవిడ, "నా చేత్తో క్యారియర్ మూతలో పెట్టి పంపిస్తానండీ," అంది. ఆమె చెప్పింది నిజమే. మీరు నమ్మింది కూడా ఆమెనే.

ఆ మూడు మాత్రలూ వేసుకుంటే నాకు కళ్లు తిరిగేవి. బాయిలర్ మెట్లెక్కేటప్పుడు తూలితే పనిలోంచి తీసేస్తారని భయం. నాలుగు నెలలుగా వాటిని బాయిలర్ కింది బూడిద గుంటలో పారేస్తున్నాను. మీకు చూపించిన పుస్తకంలో బీపీ అంకెలు నిజమైనవే. వాటి పక్కన మాత్రలు వేసుకున్నట్టు పెట్టిన టిక్కులే అబద్ధం.

పోయిన ఏడాది నాతో పనిచేసే ఒకాయన మెట్లెక్కి మీటరు చూడకుండానే బాయిలర్ ప్రెషర్ రాశాడు. "మోకాళ్లు నొప్పిగా ఉన్నాయన్నా, ఈ ఒక్కసారికి వదిలెయ్," అన్నాడు. నేను వినలేదు. పై అధికారికి చెప్పి పనిలోంచి తీయించాను.

నిన్నటి నుంచి మాత్రలు వేసుకుంటున్నాను. కళ్లు తిరిగితే ఈసారి మీకే చెబుతాను. నెలయ్యాక పుస్తకం తెస్తాను, అప్పుడు చూసి తేల్చండి.

నాకు అంకెలు తప్ప అక్షరాలు రాయడం రాదు. నేను చెబుతుంటే మా ఆవిడే రాస్తోంది. బూడిద గుంట మాట దగ్గర కాసేపు కలం ఆపింది. తర్వాత అంతా రాసింది గానీ, ఇంతవరకూ తలెత్తి నావైపు చూడలేదు.