అమ్మ శవం దగ్గర నీ నవ్వు

తమ్ముడా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆసుపత్రి మెట్లెక్కి దిగి కాళ్లు లాగుతున్నాయి. పాకాల పిన్నమ్మకూ నీకు వచ్చినట్టే పక్షవాతం వచ్చింది. కొడుకు ఏడుస్తుంటే ఆమె ఆగకుండా నవ్వింది.

"అది ఆమె నవ్వు కాదప్పా. మెదడుకు దెబ్బ తగిలి అట్ల వస్తాది. లోపల ఏడుస్తానే ఉండాది," అన్నాడు డాక్టరు.

నీకు పక్షవాతం వచ్చిన ఆరు నెలలకు అమ్మ పోయింది. శవం దగ్గర నువ్వూ ఇలాగే నవ్వావు. చిన్నకొడుకుగా కొరివి పెట్టాల్సింది నువ్వు. "సిగ్గులేదారా నీకు? ఎనక్కి పో," అని నీ చేతిలోని నిప్పుకుండ లాక్కున్నాను. నోట్లో తువ్వాలు కుక్కుకుని, కాలు ఈడ్చుకుంటూ శ్మశానం దాకా మా వెనకే వచ్చావు.

కొరివి పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదంటారు. నేను చూడలేదు.