చెల్లె వాచీ కట్టుకోవాలి

నిడమనూరు

చెల్లె సాలమ్మకు,

కంగారు పడకు, బాగానే ఉన్నాను. సోమవారం కొట్టంలో పేడ తీస్తూ జారి పడ్డాను, లేవలేకపోయాను. నేను పడ్డానని చేతి వాచీయే పసిగట్టి పొలంలో ఉన్న కోడలు విజయకు ఫోన్ చేసింది. "అత్తా, కదలకు, నేనొచ్చిన!" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఎముకలేవీ విరగలేదు. ఇవాళ కర్ర పట్టుకుని వాకిట్లో పది చుట్లు తిరిగాను.

నీ కొడుకు నరేష్ కొనిచ్చిన వాచీని "ముసలోళ్లకేసే బేడీ" అని బియ్యం డబ్బాలో పెట్టావట. మొదట నేనూ అదే అన్నాను. పోయినేడు నువ్వు బాత్రూంలో పడితే మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియలేదు. మళ్లీ అట్లా జరగనివ్వను. తీసి కట్టుకో, స్నానానికి కూడా విప్పకు.

బర్రె ఈనిందా? పిల్లలకు దీవెనలు. కట్టుకున్నానని జవాబు రాయి. రాకుంటే తిరుమలగిరి బస్సెక్కి వచ్చి నేనే కడతాను.

మీ అక్క ఈదమ్మ