గుమ్మటం కింద గాజు పట్టీ

నాన్నా, నేను కులాసాయే, మనసే బాగాలేదు. నాకు తనిఖీకి అప్పగించిన పెద్ద మసీదులో, ఎనిమిది కమానుల మీద నిలిచిన గుమ్మటం కింద గోడ బీటవారింది. బీట పెరిగితే పగిలేలా దానికి అడ్డంగా గాజు పట్టీ అతికించి, పైన తేదీ గీశాను. పోయిన సోమవారం చూస్తే పట్టీ చెక్కుచెదరలేదు, తేదీ మాత్రం లేదు! మసీదు ఊడ్చే తాతను నిలదీశాను.

"పాతది పగిలిందమ్మా, కొత్తది నేనే అంటించా. నువ్వు మూసేయమని రాస్తే, ఎండకి ఇక్కడ నడుం వాల్చే కూలీలు, చదువుకునే పిల్లలు ఎక్కడికి పోతారు? శుక్రవారం నమాజు రోడ్డు మీదా?"

"నెత్తిన పడితేనో తాతా?"

"మా తాతల నాడు పడనిది నీ గాజు ముక్క చూసి పడుతుందా?"

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మూసేయమనే రాసిచ్చాను. తాళం ఆయన చేతే వేయించారు.

నీది తాపీ పట్టిన చెయ్యి. సున్నంతో ఆ బీట ఆపే దారుంటే వెంటనే రాయి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా గొడుగు పంపండి. నా పుస్తకాలు ఎవరికీ ఇవ్వొద్దని చెల్లికి చెప్పు.

దారి లేకపోతే ఆ మాటే రాయి నాన్నా. తాత రోజూ వచ్చి, మూసిన తలుపుల ముందు మెట్లు ఊడుస్తూ, "ఎప్పుడు తీస్తారమ్మా?" అని నన్నే అడుగుతున్నాడు.

అమ్మకు నమస్కారం, చెల్లికి ముద్దులు.

నీ పెద్దమ్మాయి