గొర్రె కుడిచెవి

స్కార్డ్,
20 అక్టోబరు 2024, ఆదివారం.

చిరంజీవి ఊనాకు,

అమ్మమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, కుక్క స్కోటా. మీ స్టెయినార్ మామయ్యకి గొర్రెలు కోసే రోజులు ముగిసేదాకా రేవు ఊరి కబేళాలోనే పని, ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు. రేక్యవిక్‌లో నువ్వూ మీ నాన్నా క్షేమమని తలుస్తాను.

మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నువ్వు స్నానం చేస్తున్నావనే చెప్పాడు మీ నాన్న. అంత మురికి ఎక్కడ అంటించుకుంటోందని అడిగితే, వచ్చే మే నెలలో గొర్రెలు ఈనేటప్పుడు నువ్వు రానన్నావని చెప్పాడు. ఇంకెప్పుడూ స్కార్డ్‌కి రానన్నావట. అందుకే ఉత్తరం. ఫోన్లో నాకు మాటలు రావు, నీకు తెలుసు.

కొండమీద మంచు పడింది. ఇంకా కిందికి దిగలేదు. పోయిన వారం నెత్తురు వంటకం చేశాను. నెత్తురూ పిండీ కూరిన గొర్రె పొట్టతిత్తులు కుట్టడం ప్రతి ఏడూ మీ అమ్మ పని. అందుకోసమే నగరం నుంచి వచ్చేది. ఈసారి నేనే కుట్టాను. పన్నెండింటిలో రెండు ఉడుకుతుంటే విచ్చిపోయాయి. మీ అమ్మ కుట్టు ఎప్పుడూ విచ్చలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను.

సెప్టెంబరులో మందను కొండమీంచి దింపిన రోజు సాయంత్రం నువ్వు సూపు ముందు కూర్చుని చెప్పింది నేను వినలేదని నీ బాధ. విన్నాను. విన్నానని నీకు తెలియాలి కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను. తప్పుంటే దిద్దు.

పాతదొడ్డి పక్కనున్న సందులో నిన్ను నిలబెట్టి, గొర్రెలొస్తే చేతులు చాచి అదిలించమని మామయ్య పైకి వెళ్లాడు. మంచుతెర దిగింది. నీ చెయ్యి నీకే కనబడలేదు. గోడ పట్టుకుని నడిస్తే దారి దొరుకుతుందనుకున్నావు. ఎప్పుడో కూలిన ఆ గోడ నడుస్తున్నకొద్దీ నీ భుజమంత ఎత్తు లేచింది. గోడ చివర నీ ఈడుపిల్ల కూర్చుని ఉంది. గోధుమరంగు స్వెట్టరు, ముందుపన్ను ఒకటి లేదు. ఎవరింటి పిల్లవని నువ్వడగబోతే అదే ముందు అడిగింది. నువ్వు స్కార్డ్ అన్నావు. ఆ పిల్ల నవ్వింది.

"స్కార్డ్ పిల్లని నేను. సాల్వోర్‌ని. నువ్వు పట్నందానివిలే, ఆ బూట్లు చూస్తేనే తెలుస్తోంది."

అది మీ అమ్మ పేరని నువ్వు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని మామయ్య అడిగితే, చెబితే వెళ్లిపోతుందేమోనని అన్నావు.

వాగుగండిలో ఆ పిల్ల సొంత గొర్రె పడి చచ్చిపోయింది. ఆలస్యంగా పుట్టిన దాని పిల్ల పక్కన బండమీద చిక్కుకుని అరుస్తోంది. నువ్వు బోర్లా పడుకుని చేతులు చాచావు. ఆ పిల్ల నీ మడమలు పట్టుకుంది. రెండోసారికి గొర్రెపిల్ల చేతికి చిక్కింది. దాని చెవులకి ఎవరి మందదో చెప్పే కోత గుర్తు లేదు. అప్పుడా పిల్ల అందట:

"తల్లి ఉంటే తల్లి గుర్తు చూసి పిల్ల ఎవరిదో చెబుతారు. తల్లీ లేక, గుర్తూ లేకపోతే ఇది ఎవరిదీ కాదు. తీసుకెళ్లి అమ్మేస్తారు."

జేబులోంచి కత్తి తీసి నీ చేతికిచ్చింది. తను కొయ్యలేదట. కుడిచెవి కొస తెగ్గోసి, ఎడమచెవి వెనక గంటు పెట్టమని చెప్పి, గొర్రెపిల్లని ఒళ్లో గట్టిగా పట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని కళ్లు మూసుకుంది. నువ్వు ఎదురుగా మోకాళ్లమీద కూర్చుని కోశావు.

తర్వాత కింద ఎవరో కేకేశారు. కుక్క మొరిగింది. ఆ పిల్ల వెళ్లాలంది. నువ్వు తన చెయ్యి వదల్లేదు. మంచు పలచబడేసరికి నీ చేతిలో ఏమీ లేదు, గోడ కూలి ఉంది.

మూడు గంటలు నీకోసం వెతికాం. వాగువెంట ఒక్కదానివే దిగొచ్చావు. నీ నీలం జాకెట్టు చేతికి రక్తం. గాయం ఎక్కడని నీ చేతులు, మెడ అన్నీ తడిమాను. గాయం లేదు.

మామయ్య నీ ముందు కాగితం పెట్టి, ఏ చెవి ఎలా కోశావో గీయమన్నాడు. నువ్వు గొర్రె ముఖాన్ని ఎదురుగా గీసి, నీ కుడిచేతివైపు చెవిని కోసినట్టు చూపించావు. వాడు పడీపడీ నవ్వాడు.

"కుడంటే గొర్రె కుడి, నీ కుడి కాదే! నువ్వు గీసింది ఆ పక్క హామర్ ఇంటివాళ్ల గుర్తు. పట్నం పిల్లా, ఈసారి కథ చెప్పేటప్పుడు గొర్రె వెనక నిలబడి చెప్పు."

ఇక్కడి పిల్లలకి అక్షరాలకన్నా ముందు వచ్చేది అది. గొర్రె నీ ముందు నడుస్తుంటే వెనకనుంచి చూసి కుడి ఎడమలు చెప్పాలి. నీకెవరూ చెప్పలేదు. వాడి నవ్వులో చెడు లేదు. అక్క పోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి.

అప్పుడు నువ్వు నావైపు చూశావు. నేనన్న మాట నాకు గుర్తుంది. పోయినవాళ్లు కొండమీద కనబడరు, సూపు తినేసి వెళ్లి పడుకో, అన్నాను. మర్నాడు నువ్వు నాకు ముద్దు పెట్టకుండానే కారెక్కావు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నీకు పదేళ్లు, ఫిబ్రవరిలోనే తల్లి పోయింది. ఏం చూసినా, ఏం కల వచ్చినా చెప్పుకోవడానికి నీకు నేనున్నాననుకుని వచ్చావు. మే నెలలో రా. మీ అమ్మ గదిలో పరుపు ఎండబెట్టి ఉంచాను. బూట్లు మాత్రం మంచివి తెచ్చుకో.

ఉంటాను.
మీ అమ్మమ్మ
రగ్న

తా.క. కవరు అంటించి, మళ్లీ తెరిచాను. రాయాల్సింది పైన రాయలేదు.

1992లో మీ అమ్మకి పదేళ్లు. మంద దింపే రోజు మంచులో తప్పిపోయి మధ్యాహ్నానికి గొర్రెపిల్లని ఎత్తుకుని దిగొచ్చింది. మందలు విడదీసే చోట హామర్ గిస్లి దాని చెవులు తడిమి తన దొడ్లోకి లాక్కున్నాడు. ఎడమచెవి కొస తెగ్గోసి, కుడిచెవికి గంటు. వాళ్ల గుర్తే. మీ అమ్మ ఆయన కాళ్లకి అడ్డంపడి గొర్రెపిల్ల తనదని అరిచింది. దాని చెవుల గాయాలింకా పచ్చిగానే ఉన్నాయి. గిస్లి మంచివాడే. వంగి మెల్లగానే అడిగాడు: "నీదయితే నా గుర్తెందుకు కోశావమ్మా?" చుట్టూ అందరూ నవ్వారు. గొర్రెపిల్లని ఆయనకే ఇప్పించి, మీ అమ్మ చేత క్షమాపణ చెప్పించాను.

ఇంటికొచ్చేదారిలో మీ అమ్మ చెప్పింది. తను పట్టుకుందట, కోసింది వేరే పిల్లట. నీలం జాకెట్టు, పట్నం బూట్లు. "దానికి కుడి ఎడమ తెలీదమ్మా. కానీ నా చెయ్యి వదల్లేదు." అబద్ధమని చెంపమీద కొట్టాను. అంతకుముందూ, ఆ తర్వాతా దాన్ని ఎప్పుడూ కొట్టలేదు. మళ్లీ అది ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మీ మామయ్యకి అప్పుడు నాలుగేళ్లు, వాడికి తెలియదు. చెవులు కోసేటప్పుడు మీ అమ్మ ముఖం తిప్పుకుని కళ్లు మూసుకునేదని కూడా నీకెవరూ చెప్పి ఉండరు.

నువ్వు కాగితంమీద గీసినప్పుడు నాకు అర్థమయింది. భయమేసి నిన్ను కసిరాను. అదే నిజమైతే నేను కొట్టింది నిజం చెప్పిన పిల్లని.

ఇంకోటి. పోయిన ఏడు ఆసుపత్రినుంచి ఒక్కపూట బయటికొచ్చినప్పుడు మీ అమ్మ నీకు జాకెట్టు కొంది. నువ్వు ఎరుపు కావాలని ఏడ్చావు. మీ అమ్మ నీలమే కొంది, అదీ నీకు పెద్దది. వచ్చే సెప్టెంబరుకి సరిపోతుందిలే అంది. చలికాలం జాకెట్టు సెప్టెంబరుకెందుకే అని నేనడిగితే దాన్ని మడిచి సంచిలో పెట్టింది.

గిస్లి పోయాడు. హామర్ ఇల్లు పదిహేనేళ్లుగా ఖాళీ. ఆ గుర్తు ఇప్పుడు ఎవరిదీ కాదు. మంగళవారం గుర్తుల పుస్తకం రాసే ఆయనకి ఫోన్ చేసి దాన్ని సాల్వోర్ కూతురు ఊనా పేర రాయమన్నాను. ఇది మీ అమ్మాయి గుర్తుని తిరగేసినట్టు ఉందే రగ్నా, పొరపాటేమో చూసుకో అన్నాడు. పొరపాటు కాదు, అలాగే రాయండన్నాను.

మే నెలలో పుట్టే మొదటి ఆడ గొర్రెపిల్ల నీది. గొర్రెకి ఎదురుగానే కూర్చో. అప్పుడెలా కోశావో అలాగే కొయ్యి.